తీసేటోడు దిగాలె

తెలుగులో ఫోటోగ్రాఫరుకు జరిగినంత అన్యాయం ఇంకెవరికీ జరగలేదు. కెమెరా వెనక నిలబడ్డవాడు ఫోటో తీస్తాడు. ముందు నిలబడ్డవాడు ఫోటో దిగుతాడు. ఎక్కకుండానే దిగడమేమిటని ఏ పండితుడూ అడగలేదు. సరే, దిగినవాడు తర్వాత గోడ మీదికో ఆల్బమ్‌లోకో ఎక్కుతాడు కాబట్టి లెక్క సరిపోయిందనుకుందాం. మరి తీసినవాడి సంగతి? వాడిది తీసిపారేసిన బతుకు.

ఆర్మూరులో ఈ మాటను పట్టుకుని యాభై ఏళ్ళుగా వేలాడుతున్న మనిషి లింబాద్రి. వయసు డెబ్బై ఒకటి. పాత బస్టాండు దగ్గర స్టూడియో, స్టూడియో వెనకే ఇల్లు. పేరులోనే అద్రి ఉంది గనక అదరడు, కదలడు. "నేను తీసేటోన్ని, దిగేటోన్ని గాదు" అన్నది ఆయన సిద్ధాంతం. నెగటివ్‌ల కాలం మనిషి కదా, ఏదడిగినా జవాబు నెగటివే.

అలాంటి మనిషిని దింపి తీరాలని పట్టుబట్టింది గంగమణి. ఆమెకు నలభై ఆరు. పెర్కిట్‌లో హైవే పక్కన సొంత స్టూడియో. ఇరవై రెండేళ్ళ కిందట లింబాద్రి దగ్గరే పని నేర్చుకుంది. గురువుగారి పట్టుదల శిష్యురాలికి వచ్చింది. రాకపోయి ఉంటే ఈ కథ రెండో పేజీకి వచ్చేది కాదు.

సంగతి మాక్లూర్ జాన్‌తో మొదలైంది. ముప్పై ఏళ్ళు ఊరందరి పెళ్ళిళ్ళూ తీసిన జాన్, పోయిన ఫిబ్రవరిలో పోయాడు. సంతాప సభకు ఫ్లెక్సీ వేయిద్దామని ఫోటోగ్రాఫర్ల సంఘంవాళ్ళు ఆయన ఫోటో కోసం ఇల్లంతా వెతికారు. పదమూడు ఆల్బమ్‌లు దొరికాయి. వాటిల్లో మేనత్తలున్నారు, తోడల్లుళ్ళున్నారు, వంటవాళ్ళు కూడా ఉన్నారు. జాన్ లేడు. ఒక ఫోటోలో మాత్రం ఆయన నీడ పెళ్ళికూతురి కుచ్చిళ్ళ మీద పడి ఉంది. నీడను ఫ్లెక్సీ మీద వేయలేరు కదా. చివరికి ఆధార్ కార్డు మీది గోరంత ఫోటోను గోడంత చేశారు. అంత సాగదీసేసరికి ముక్కూ మూతీ చెదిరిపోయి, కింద రాసిన పేరు చూసి దండం పెట్టుకోవాల్సి వచ్చింది. జాన్ భార్య దండ వేయబోయి, చెయ్యి ఆపి, "గీయనెవరు?" అని అడిగింది.

ఆ ప్రశ్న గంగమణిని వదల్లేదు. ఊరందరికీ ఫోటోయే ఆధారం. ఆ ఫోటోలు తీసినవాడికి ఆధార్ ఒక్కటే ఆధారం.

ఆ వేసవిలోనే వేల్పూర్ నుంచి ముత్తెన్న అనే పసుపు రైతు ఒక కట్ట పట్టుకుని ఆమె దగ్గరికి వచ్చాడు. చిన్నప్పుడు బబుల్‌గమ్ములతో పాటు వచ్చిన క్రికెటర్ల కార్డులు. ఎలుకలు కొట్టకముందే లామినేషన్ చేయించుకోవాలని ఆయన ఆత్రం. ఒక్కో కార్డు ముందు వైపు ఆటగాడు బ్యాటు ఊపుతున్నాడు. వెనక వైపు పుట్టిన ఊరు, ఆడిన మ్యాచులు, కొట్టిన పరుగులు, పట్టిన క్యాచులు.

"పదకొండుంటెనే సెట్టు అక్కా," అన్నాడు ముత్తెన్న. "ఒక్కటి తక్కువైనా ఉత్త అట్టముక్కలే. గీ వికెట్ కీపర్ కోసం ఆరో క్లాసుల ఆర్నెల్లు తిరిగిన. ఆఖరికి మా మామ చేతి గడియారం ఇచ్చి మార్సుకున్న."

"మీ మామ ఏమనలేదా?"

"టైమెంతయిందని అడిగిండు. చెప్పలేకపోయిన."

ఆయన వెళ్ళాక గంగమణి ఆ కార్డులను మధ్యాహ్నమంతా తిప్పి తిప్పి చూసింది. తమవాళ్ళు మాత్రం పట్టనివేమున్నాయి? తాళి ముడి పడే రెప్పపాటును పట్టినవాడికంటే మంచి ఫీల్డరు ఎవడు? ఆర్మూరు పేరులోని ఆరూ మూరూ (మూరంటే మూడే) కలిసి తొమ్మిదంటారు. ఆమె ఆరుకు ఐదు కలిపింది. చుట్టుపక్కల మండలాల నుంచి పదకొండు మంది ఫోటోగ్రాఫర్లు, పదకొండు కార్డులు.

రెండు నెలల్లో పది కార్డుల నమూనాలు తయారయ్యాయి. ముందు వైపు ఫోటోగ్రాఫరు, తన పని చేస్తూ. వెనక వైపు ఆటగాడికిచ్చినట్టు వరుస నంబరు, దాని కింద అంకెలు: మొదటి కెమెరా, తీసిన పెళ్ళిళ్ళు, కళ్ళు మూసుకున్న పెళ్ళికొడుకులు, కరెంటు పోయిన రిసెప్షన్లు, ఆఖరి పంక్తిలో చల్లారిన బగారన్నం తిన్న విందులు. వీడియో తీసే దేవిదాస్ కార్డు మీద "వెనక్కి నడుస్తూ పడిన సార్లు: ఏడు" అని ప్రత్యేకంగా రాసింది. ఆరే అని దేవిదాస్ వాదించాడు. ఏడోది హోమగుండం పక్కన, పడ్డానని అతనికే తెలియనంత జోరుగా పడ్డాడు.

కార్డుల మాట పెర్కిట్‌లో పాకింది. పక్కింటి భూమవ్వ జిరాక్సు కాగితాలు పట్టుకుని వచ్చింది.

"బిడ్డా, కొత్త కార్డులిస్తున్నవంట గదా. నా పేరు గూడ రాయి."

"ఇవి ఫోటోలు తీసేటోల్ల కార్డులవ్వా."

"గీటికి బియ్యమొస్తయా?"

"రావు."

"గ్యాసు?"

"రాదు."

"మరేమొస్తది?"

"పేరొస్తదవ్వా."

"పేరు రేషన్ కార్డుల గూడ వస్తది, బియ్యం తోని," అని భూమవ్వ జిరాక్సులు మడుచుకుని వెళ్ళిపోయింది.

ఆగస్టు పంతొమ్మిది ఫోటోగ్రఫీ దినోత్సవం. ఆ రోజు పెర్కిట్ ఫంక్షన్ హాల్లో సంఘం సభ. హాలులో ఒక గోడ మొత్తం గంగమణి కార్డులకు ఇచ్చారు, ఫ్రేములు కట్టి ఆర్టు లాగా వేలాడదీయడానికి. పదో తారీఖున ఏర్పాట్ల సమావేశంలో సంఘం అధ్యక్షుడు సాయిప్రసాద్ లేచాడు. చుట్టుపక్కల మొదట డ్రోన్ కొన్నది అతనే. అప్పటినుంచి దేన్నైనా పైనుంచే చూస్తాడు.

"అక్కా, లింబాద్రి సార్ దిగడు. నీకెరికే, నాకెరికే. పదకొండోది నా డ్రోన్ బొమ్మ పెడదాం. మస్తుగుంటది."

"పుట్టిన ఊరు ఏమని రాయాలె తమ్మీ?"

"చైనా అని రాయి."

అందరూ నవ్వారు. గంగమణి నవ్వలేదు. లేచి నిలబడి, పది కార్డులూ సంచిలో పెట్టుకుంది.

"పదకొండోది లింబాద్రి సారుదే. మనల సగం మందికి కెమెరా పట్టుడు నేర్పిందాయన. రేపు ఆయనను గూడ ఆధార్ బొమ్మ తోనే సాగనంపుదామా? ఆయన లేకుంటె గీ పది గూడ గోడకెక్కయి. గిది నా మాట."

హాల్లో పది మొహాలు ఒక్కసారిగా చీకటిపడ్డాయి, ఫ్లాష్ వెలగని ఫోటోల్లాగా. అప్పటికే ఒక్కొక్కరూ అత్తగారి ఊర్లకు కబురు పంపుకున్నారు. గంగమణికి మాత్రం ఆ మాట అన్నాక ప్రాణం తేలికపడింది. ఇక వెనక్కి అడుగు లేదు. వెనక్కి నడిస్తే ఏమవుతుందో దేవిదాస్‌ను అడిగితే చెబుతాడు.

మర్నాడే కెమెరా మెడలో వేసుకుని పాత బస్టాండుకు వెళ్ళింది. లింబాద్రి దుకాణం ముందు నిలబడి పళ్ళ బండివాడితో మాట్లాడుతున్నాడు. ఆమె రోడ్డు అవతలి నుంచి కెమెరా ఎత్తింది. ఆయన చూశాడు. ఆమె తన షట్టరు నొక్కేలోపల ఆయన తన షట్టరు దించాడు. ఫోటోలో ఇనుప రేకూ, దాని మీద ఫోన్ నంబరూ మాత్రం చక్కగా వచ్చాయి.

రెండోసారి వేల్పూర్‌లో ఒక ఓణీల ఫంక్షన్. లింబాద్రి ఫోటోలు తీస్తున్నాడు. గంగమణి పిలవని పేరంటంగా వెళ్ళి, పెద్ద కూలర్ వెనక నక్కి, పొడుగు లెన్సుతో ఆరు ఫోటోలు తీసింది. ఇంటికొచ్చి చూస్తే ఆరింటిలోనూ ఆయన కళ్ళు గట్టిగా మూసి ఉన్నాయి. "కండ్లు మూయకుండ్రి" అని యాభై ఏళ్ళు మందిని తిట్టిన మనిషి, అంత దూరం నుంచి ఆమె వేలు కదలడం పసిగట్టి, ఆరుసార్లూ కావాలనే మూశాడు. పైగా భోజనాల దగ్గర పక్కన నిలబడి మెల్లగా అన్నాడు కూడా.

"కూలర్ ఎన్క నుంచి తీస్తె లెన్సుకు తడి వడ్తది బిడ్డా. తుడ్సుకో."

ఆ రోజు గంగమణికి సిగ్గేసింది. దొరికిపోయినందుకు కాదు. దొంగచాటుగా తీస్తే అది ఫోటో తీయడం కాదు, ఫోటో తీసుకుపోవడం. అలా తెచ్చిన బొమ్మను జాన్ భార్య ముందు ఏ మొహంతో వేలాడదీస్తుంది? అడిగి తీయాలి. ఒప్పుకునేదాకా అడగాలి.

పదిహేడో తారీఖు పొద్దున ఆమె లైటు, వెలుగును మెత్తబరిచే గొడుగు, స్టాండు అన్నీ భర్త గంగాదాస్ ఆటోలో వేసుకుని లింబాద్రి స్టూడియోకు వచ్చింది. కార్డు బొమ్మ ఆ సాయంత్రంలోగా నిజామాబాద్ ప్రెస్సుకు చేరకపోతే ఇక గోడ ఖాళీయే.

"ఏంది, సామాను తోని దిగినవ్?" అన్నాడు లింబాద్రి.

"నేను దిగిన సార్. ఇగ మీరు దిగాలె. దొంగతనంగ తియ్య. మీరు ఊ అనేదాక ఈడ్నే కూసుంట."

"నేను తీసేటోన్ని..."

"...దిగేటోన్ని గాదు. ఇరవై రెండేండ్ల సంది ఇంటున్న."

తెర వెనక నుంచి లింబాద్రి భార్య భాగ్యవ్వ చాయ్ పట్టుకుని వచ్చింది. రెండో చేతిలో ఆయన ఆధార్ కార్డు ఉంది. బల్ల మీద పెట్టింది.

"చూడు బిడ్డా, మీ సారు అందం."

కార్డు మీద లింబాద్రి నోరు తెరుచుకుని, వేలెత్తి ఎవరినో కొట్టబోతున్నట్టున్నాడు.

"లైటు ఏడ పెట్టాల్నో ఆధార్ పొల్లగానికి పాఠం చెప్తుండె. ఆడు గదే టైముకు నొక్కిండు," అంది భాగ్యవ్వ. "రేపు గీ మనిషికేమన్నయితె గిదే ఫ్లెక్సీ మీద ఏస్తరు. దండెయ్య వచ్చినోల్లు భయపడి దూరం నుంచి ఇసిరేసి పోతరు."

"ఆనికి కిటికి ఎన్క పెట్టుకోవద్దన్న తెలివి లేదు," అన్నాడు లింబాద్రి. ఆయన బాధ ఇప్పటికీ కిటికీ గురించే.

"గందుకే అంటున్న సార్. మంచి లైటుల ఒక్కటి దిగుండ్రి."

"దిగుడంటెనే దిగజారుడు. దిగులుల గూడ దిగుడే ఉన్నది, చూస్కో."

"మా ఆయన పెర్కిట్ కాడ దినాం వందమందిని దిగుండ్రి దిగుండ్రి అంటడు. ఒక్కరన్న దిగులు పడ్డరా? దిగినంకనే ఎవరిల్లు వాళ్ళు చేరేది. నాటేసేటోల్లు మడిల దిగకుంటె మనం తినేదేంది? పసుపు సుత మట్టిల దిగినంకనే ఊరేది."

"అవన్ని వేరే."

గంగమణి సంచిలోంచి పది కార్డులు తీసి బల్ల మీద పరిచింది.

"సరే, గివి చూడుండ్రి. ఆటగాండ్ల కార్డుల లెక్క చేసిన. ఆటగాడు ఏం జేస్తడు సార్? గ్రౌండుల దిగుతడు. కామెంట్రీల ఇన్లేదా, ఫలానాయన బ్యాటింగుకు దిగిండు అంటరు. దిగకుంటె బోర్డు మీద పేరెక్కది."

"నేను ఆటగాన్ని గాదు."

"మరి యాభై ఏండ్ల సంది ఏం జేస్తున్నరు, అంపైరింగా?"

భాగ్యవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. లింబాద్రి నవ్వలేదు గాని ఒక కార్డు చేతిలోకి తీసుకున్నాడు. మార్కెట్‌యార్డులో పసుపు కొమ్మును విరిచి చూసే ఖరీదుదారుడిలా ఒక్కో కార్డునూ వంచి, వాసన చూసి, వెలుతురుకు పెట్టి చూశాడు. దేవిదాస్ మెడ మీద నీడ ఎక్కువైందన్నాడు. సాయిప్రసాద్ కార్డు చూసి, వీడు ఆకాశంలోకి కాకుండా నేల మీదికి చూడటం ఇదే మొదటిసారన్నాడు. పదో కార్డు అయ్యాక వేళ్ళు బల్ల మీద ఇంకేదో వెతికాయి.

"జాన్‌ది లేదా?"

"జాన్‌ది ఏడికెల్లి వస్తది సార్," అంది గంగమణి. "దిగలే గదా."

లింబాద్రి కార్డులన్నీ ఒక దొంతరగా సర్దాడు. అంచులు సమానమయ్యేదాకా తట్టాడు. అవి ఎప్పుడో సమానమయ్యాయి, అయినా తడుతూనే ఉన్నాడు.

"మంది మొకాలు చూసి చూసి నా మొకం నాకు యాదిల్లేదు బిడ్డా," అన్నాడు చివరికి. "గా స్టూలు మీద కూసుంటె చేతులేడ పెట్టాల్నో నాకు తెల్వది. నవ్వాల్నో, నవ్వొద్దో. అందరికి నేను చెప్త. నాకెవలు చెప్తరు?"

"నేను చెప్త."

"నువ్వా?"

"మీ కాడ నేర్సుకున్నదే చెప్త. కొత్తగ ఏం చెప్ప."

ఆయన ఊ అనలేదు, ఊహూ అనలేదు. ఆమె లేచి లైటు బిగించడం మొదలుపెట్టింది. రెండు నిమిషాలు చూశాడు లింబాద్రి. మూడో నిమిషం ఆయన వల్ల కాలేదు.

"ఉత్త స్టూలు మీద లైటు పెడ్తున్నవేంది? మనిషి ఉండాలె. స్టూలు ఫోటో తీస్తవా?"

ఆ స్టూడియోలో అదొక నియమం. ఖాళీ స్టూలు మీద లైటు సర్దకూడదు. ముందు ఎవరో ఒకరు కూర్చోవాలి, వాళ్ళ మొహం మీద వెలుగూ నీడా చూసుకోవాలి, ఆ తర్వాతే గిరాకీని పిలవాలి. నేర్చుకునే రోజుల్లో గంగమణి ఆ స్టూలు మీద లైటు కోసం ఎన్ని గంటలు కూర్చుందో చెప్పలేం.

భాగ్యవ్వ వచ్చి కూర్చుంది. లైటు సగం సర్దారో లేదో లోపల పాలు పొంగిన వాసన వచ్చి, ఆమె పరుగెత్తింది. స్టూలు ఖాళీ అయింది. గొడుగు సగం వంగి ఆగిపోయింది. లింబాద్రి ఆ సగం లైటును చూశాడు. పంటిలో ఇరుక్కున్న నార లాంటిది ఆయనకు సగం లైటు. తెర వంక చూశాడు. భాగ్యవ్వ రాలేదు. ఆయన లేచి, చొక్కా కిందికి లాక్కుని, వెళ్ళి స్టూలు మీద కూర్చున్నాడు.

"ఫోటోకు గాదు. లైటుకు కూసున్న. తొందరగ కానియ్యి."

"మీ ఇష్టం సార్."

"గొడుగు ఇంక జరుపు. అరచెయ్యంత. గంత గాదు. ఆఁ, ఆగు. కుడిచెంప ఎట్లుంది?"

"నీడ మెత్తగుంది."

"ముక్కు?"

"ముక్కు ముక్కు లెక్కనే ఉంది."

లైటు కుదిరింది. ఎంతగా కుదిరిందంటే డెబ్బై ఒక్క ఏళ్ళ మొహంలో ఒక్క గీత కూడా దాక్కోలేదు, ఒక్క గీత కూడా అరవలేదు. గంగమణి కెమెరా ఎత్తి కంటికి ఆనించింది. వేలు బటన్ మీద ఉంది. నొక్కితే అయిపోతుంది. ఆమె నొక్కలేదు.

"సార్, లైటయింది. లేస్తె లేవుండ్రి."

లింబాద్రి లేవలేదు. పైన ఫ్యాన్ తిరుగుతోంది. బయట నిర్మల్ బస్సు హారన్ కొట్టి వెళ్ళింది. ఆమె కెమెరా దించలేదు.

"గట్లనే చూస్తవేంది?" అని కసిరాడు. "గదువ ఎంత ఎత్తాల్నో చెప్పవా? నేను నీకు గిట్లనే నేర్పిన్నా?"

గంగమణి ఆయన గొంతుతోనే చెప్పింది.

"గదువ జర కిందికి. భుజాలు ఇడిసిపెట్టుండ్రి, ఎవరు ఎత్కపోరు. చేతులు మోకాళ్ళ మీద. లెన్సులకు చూడుండ్రి, నన్ను గాదు."

నొక్కింది. కెమెరా తెర మీద చూపించింది. లింబాద్రి కళ్ళజోడు పెట్టుకుని తన మొహంలోకి వంగాడు.

"కండ్లు మూసిన."

"మూసిండ్రు."

"కావాలని మూయలే."

"ఎర్కనే సార్. అందరు గట్లనే అంటరు."

"మళ్ళ తియ్యి."

మళ్ళీ తీసింది. మళ్ళీ మూశాడు. పంతొమ్మిదిసార్లు తీస్తే పంతొమ్మిదిసార్లూ రెప్ప వాలింది. ఆయన ఒక్కసారి కూడా చాలు అనలేదు, ఆమె ఒక్కసారి కూడా పోనీ అనలేదు. పదోసారి తర్వాత గంగమణి నిర్దాక్షిణ్యంగా తిట్టడం మొదలుపెట్టింది. "రెప్పలు కొట్టేదుంటె ఇప్పుడే కొట్టుకోండ్రి, మూడు లెక్కవెడ్త" అంది. ఆయన బుద్ధిగా కొట్టుకున్నాడు. భాగ్యవ్వ తెర పక్కన నిలబడి, కట్టుకున్నప్పటి నుంచి ఈ మనిషి ఒకరు చెప్పింది వినడం చూడటం ఇదే మొదలని గొణిగింది.

ఇరవయ్యోది తెర మీదికి వచ్చింది. కళ్ళు తెరిచే ఉన్నాయి. చూస్తున్నవాడి గడ్డం కాస్త సరిచేయబోతున్నట్టు, ఏదో చెప్పబోతూ ఆగినట్టు ఉన్నాడు లింబాద్రి. ముగ్గురూ దాని మీదికి వంగారు.

"నా చెవులు గింత పెద్దగున్నయా?" అని అడిగాడు.

"పెండ్లప్పటి సంది గంతే ఉన్నయ్," అంది భాగ్యవ్వ. "మాటలే ఎక్కవు."

గంగమణి కాగితం, పెన్ను తీసింది. కార్డు వెనక వైపుకు అంకెలు కావాలి. మొదటి కెమెరా ఏదో చెప్పాడు. తీసిన పెళ్ళిళ్ళు ఎన్నంటే లెక్కలేదన్నాడు. ఆమె "లెక్కలేదు" అనే రాసుకుంది. చల్లారిన బగారన్నం మాటకు వచ్చేసరికి లింబాద్రి చెయ్యి అడ్డం పెట్టాడు.

"అది తర్వాత. ముందు గిది చెప్పు. నన్ను ఎన్నో నంబర్ల దింపుతున్నవ్?"

"పదకొండు సార్. మిగిలినయన్ని అయిపోయినయ్."

"పదకొండు?" లింబాద్రి కళ్ళజోడు తీసి తుడిచాడు. "పదకొండు అంటె బ్యాటు పట్టుకోరానోడు. యాభై ఏండ్లు ఆగి ఆఖర్ల దిగుతనా? ఓపెనింగుల దింపు."

గంగమణి వాదించలేదు. ఆయన కంప్యూటర్ ముందే కూర్చుని, తన పెన్‌డ్రైవ్‌లోని కార్డుల ఫైలు తెరిచి, లింబాద్రికి ఒకటో నంబరు వేసింది. దాంతో మిగతా పదిమందీ తలో మెట్టూ దిగారు. మధ్యాహ్నం రెండింటికి మొత్తం పదకొండూ నిజామాబాద్ ప్రెస్సుకు పంపింది.

రెండుంబావుకు సాయిప్రసాద్ ఫోన్ చేశాడు. ప్రెస్సులో అతని బామ్మర్దే పనిచేస్తాడు, వార్త ముందే చేరింది.

"అక్కా, గిదేంది? అధ్యక్షున్ని నేను. ఒకటో నంబరు నాదుండె. రెండు చేసినవేంది?"

"ఓపెనింగుకు ఇద్దరు దిగుతరు తమ్మీ," అంది గంగమణి. "సారు ఎదురుంగ నువ్వే. రనౌట్ చేయకు."